గుండె దిండు

మడమల లోతు నీళ్లలో నడుములోతు మునిగినట్టు కనపడటం ఒక విద్య. ఆ విద్యలో భీమశంకరాన్ని మించినవాడు హోరు టీవీలోనే కాదు, తెలుగునాట ఏ టీవీలోనూ లేడు. పసుపుపచ్చ రెయిన్‌కోటు తగిలించుకుని, రోడ్డు పక్క నీళ్లలో గొంతుక్కూర్చుని, గొడుగుని కావాలని గాలికి వదిలేసి, "ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మీకోసం..." అని అరిచేవాడు. ఒకసారి అలా అరుస్తూండగా వెనకనుంచి ఒక గేదె నెమరేసుకుంటూ నింపాదిగా దాటిపోయింది. నీళ్లు దాని గిట్టలు దాటలేదు.

"ఆ గేదె మరీ పొడుగైందే" అన్నాడు ఇంటికొచ్చాక.

"పొడుగు కాదండీ. పాపం దానికి గొంతుక్కూర్చోవడం రాదు" అంటూ భార్య సువర్చల వేడినీళ్లు తోడింది.

సువర్చల జువాలజీలో డిగ్రీ చదివింది. కప్పని కొయ్యడం కాలేజీలో నేర్చుకుంది, చేపని కొయ్యడం పెళ్లయ్యాక అత్తగారు మాణిక్యం దగ్గర నేర్చుకుంది. రెండో పరీక్షే కష్టమని ఆమె అభిప్రాయం. మొగుడి ఉద్యోగం మీద ఆమెకి మరీ గౌరవమూ లేదు, చిన్నచూపూ లేదు. తుపానొస్తే అతను అరవాలి. అతను అరవకపోతే అరిచేవాణ్ని ఇంకొకణ్ని పెట్టుకుంటారు. కాకినాడలో ఆ ఉద్యోగానికి పోటీ ఎక్కువ.

ఆ ఇంటి తెలివంతా తన కూతురికే పోయిందని మాణిక్యం ఒప్పుకునేది, కొడుకు వినకుండా చూసుకుని. ఆ కూతురే సౌదామిని. పక్క వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకుని, వైర్లూ రబ్బరు గొట్టాలూ పోగేసి, దానికి ప్రయోగశాల అని పేరు పెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కణ్నుంచి గోధుమరంగు రబ్బరు దిండొకటి చంకలో పెట్టుకొచ్చి వదినగారి ఒళ్లో పడేసింది. అన్నగారికి షర్టు లోపల తొడుక్కోమని పల్చటి బనీనొకటి ఇచ్చి, "నువ్వు వెళ్లి ఇంట్లో ఎక్కడైనా తిరుగన్నయ్యా" అని పంపేసింది.

"వదినా, కళ్లు మూసుకుని దిండు పట్టుకో."

పట్టుకుంది. కాసేపటికి ఒళ్లో ఏదో మేలుకున్నట్టయింది. దిండు లోపల వందలకొద్దీ చిన్న బుడగలు ఉబ్బి, తగ్గి, మెత్తగా కొట్టుకోవడం మొదలెట్టాయి. దాని వెనకాలే ఒక ఊపిరి, లేచి పడుతోంది. ఒంట్లోంచి వచ్చే గోరువెచ్చదనం కూడా ఉంది. పసిపిల్లని పడుకోబెట్టుకున్నట్టే ఉంది. ఉన్నట్టుండి ఆ కొట్టుకోవడం వేగం పుంజుకుంది.

"అన్నయ్య ఏం చేస్తున్నాడో చెప్పు" అంది సౌదామిని.

"కజ్జికాయల డబ్బా మూత తీస్తున్నారు." దిండు ఇంకా దడదడలాడింది. "ఇప్పుడు ఆయనకి అత్తయ్య చెప్పుల చప్పుడు వినపడింది."

వంటింట్లోకి వెళ్లి చూస్తే అక్షరాలా అంతే. బనీను భీమశంకరం ఒంటి సంగతులన్నీ గాల్లోంచి దిండుకి అందజేసింది. నోటి చుట్టూ ఉన్న కొబ్బరి కోరు సంగతి మాత్రం కళ్లతోనే చూడాల్సొచ్చింది.

సౌదామిని దాన్ని చేసింది డాక్టర్ల కోసం. సముద్రపొడ్డు పల్లెలో జబ్బుచేసిన మనిషి బనీను తొడుక్కుంటే, పట్నంలో డాక్టరు చేతికింద ఆ గుండె కొట్టుకోవాలని ఆమె కోరిక. ఆస్పత్రుల వాళ్లు రెండేళ్లపాటు "పరిశీలిస్తున్నాం" అన్నారు. హోరు టీవీ కార్యక్రమాల పెద్ద చక్రధర్ రెండు గంటల్లో పరిశీలించేశాడు. "ఇకమీదట ప్రేక్షకుడు తుపానుని చూడడు మేడమ్, ఒళ్లో పెట్టుకుంటాడు" అన్నాడు. కేబుల్ కనెక్షన్‌తో దిండు ఉచితమని ప్రకటించారు. కంపెనీ ఏదో నోరు తిరగని పేరు పెట్టింది గానీ జనం దాన్ని గుండె దిండు అన్నారు.

సౌదామిని రెండు షరతులు రాయించుకుంది. ప్రసారమయ్యే గుండె నిజంగా ఆ క్షణాన కొట్టుకుంటున్నదే కావాలి, దాని వేగాన్ని ఎవరూ మార్చకూడదు. బనీను తొడుక్కునే మనిషి గుండె మీద పనిచేసే మందులేవీ వాడకూడదు. ఆ కాగితం కింద భీమశంకరం మొదటి సంతకం చేశాడు.

అక్టోబరు రెండోవారంలో మొదటి తుపాను వచ్చింది. భీమశంకరం గొంతుక్కూర్చుని, నోరంతా తెరిచి, "కనీవినీ ఎరగని జలప్రళయం!" అని అరిచాడు. తెలుగునాట లక్షల ఒళ్లలో దిండ్లు మాత్రం నిమిషానికి డెబ్బై రెండు చొప్పున, భోజనం చేసి అరుగు మీద కూర్చున్న మనిషిలా కొట్టుకున్నాయి.

జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. చక్రధర్ సౌదామినికి ఫోన్ చేశాడు.

"మేడమ్, కొంచెం వేగం పెంచొచ్చా? ఎక్కువొద్దు. ఓ ముప్పై."

"గుండెండీ అది. పచ్చిమిరపకాయల బజ్జీ కాదు, ఇంకాస్త కారం వెయ్యడానికి."

సాయంత్రానికి ఆ తుపాను సముద్రంలోనే నీరసపడిపోయింది. కాకినాడలో ఆరేసిన బట్టలు కూడా సరిగా తడవలేదు. వాతావరణ కేంద్రం వాళ్లు ఆ ముక్క పొద్దున్నే చెప్పారు, కానీ చెప్పడంలో హోరు లేకపోవడంతో ఎవరికీ వినపడలేదు.

ఆ తెల్లారి చేపల గంప దించుతూ కాసులమ్మ కొత్త సంగతి చెప్పింది. కాసులమ్మది మూలగరువు. సముద్రానికీ ఏటికీ మధ్య ఇసక మేట మీద ఉన్న జాలరి పల్లె. పదేళ్లుగా సువర్చల వాళ్లింటికి ఆమే చేపలు తెస్తుంది.

"మా ఊళ్లో అందరం సొసైటీ హాల్లో దిండట్టుకు కూకున్నామండి. బాబుగోరు పెళయం పెళయం అంతన్నారు. గుండేమో గోదారి లాంచీలాగ్గా టుక్కు టుక్కు మంతంది. మావోడన్నాడు, 'ఇదేం తుపానే, వలలు సర్దుకో' అని. పొద్దున్నే ఏటకెళ్లారండి. ఇయ్యిగో, కానాగంతలు."

"టీవీలో అంత ప్రమాదం అని చెప్తుంటే వేటకెళ్లారా?"

"నోటితో ఎవులైనా అబద్ధం ఆడతారండమ్మగోరూ. గుండితో ఎవులాడగల్రు?" అంది కాసులమ్మ కత్తిపీట సర్దుకుంటూ.

మాట బాగుందని సువర్చల నవ్వింది. మొగుడికి కూడా చెప్పింది. అతను కొంచెం చిన్నబుచ్చుకుని, తర్వాత ఆలోచించి, తర్వాత కాస్త గర్వపడ్డాడు. ఇరవై ఏళ్లుగా మాట్లాడుతున్నా ఎవరూ నమ్మని మనిషిని మొదటిసారి ఒక ఊరంతా నమ్మింది. నమ్మింది నోటిని కాకపోతేనేం, తన ఒంట్లోదేగా.

ఆ నెలాఖరులో అతనికి బజార్లో కళ్లు తిరిగాయి. డాక్టరు బీపీ చూసి, పెదవి విరిచి, చిన్న తెల్ల మాత్ర రాశాడు.

"రోజూ పొద్దున్నే వేసుకోవాలి. ఇది గుండె దూకుడుని పట్టి ఆపుతుంది. మెట్లెక్కినా, కంగారుపడినా మునుపటిలా దడ రాదు. మీకు మంచిదే."

బయటికొచ్చాక భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితం మీద సంతకం ఇద్దరికీ గుర్తుంది.

"చెల్లాయికి చెప్తే?" అన్నాడు భీమశంకరం.

"చెప్తే బనీను విప్పించేస్తుంది. అది మీ చెల్లెలి కన్నా ముందు సైంటిస్టు."

"మానేస్తే?"

"మానేస్తే మీరు విప్పేస్తారు, బనీను కాదు, ప్రాణం" అంది సువర్చల. మాత్రల అట్టని ఇంగువ డబ్బాలో దాచింది. ఆ డబ్బా అత్తగారు తియ్యదు, ఇంగువ వాసనంటే ఆవిడకి తలనొప్పి. రోజూ కాఫీతో పాటు ఒక మాత్ర అతని అరచేతిలో పడేది, ఇంగువ ఘుమఘుమతో. ఎవరికీ హాని లేని అబద్ధమని సువర్చల అనుకుంది. చాలా ఇళ్లలో ఇంతకన్నా పెద్దవి ఇంతకన్నా చిన్న డబ్బాల్లో ఉంటాయి.

రెండో తుపాను నవంబరు మొదట్లో వచ్చి, ఒడ్డు దాకా తొంగిచూసి, ఉత్తరానికి తిరిగిపోయింది. దిండు అరవై ఎనిమిది దగ్గర నిబ్బరంగా కొట్టుకుంది. మళ్లీ గుండే గెలిచింది. చక్రధర్ ఊరుకుంటాడా? ఊరూరా బోర్డులు పెట్టించాడు. పసుపు కోటులో భీమశంకరం, గుండె మీద చెయ్యి, కింద పెద్దక్షరాలు: 'నోరు కాదు, గుండె వినండి. హోరు టీవీ.' మాణిక్యం ఆ బోర్డు చూడ్డానికి రిక్షా కట్టించుకుని వెళ్లొచ్చింది.

మూడోది మూడు వారాల తర్వాత వచ్చింది.

బుధవారం పొద్దున్నకి రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. గాలి కిటికీ రెక్కల్ని పట్టుకుని ఎవరినో పిలుస్తున్నట్టు కొడుతోంది. మధ్యాహ్నం మూడింటికి మూలగరువు దగ్గర తీరం దాటుతుందని రేడియో చెప్పింది. భీమశంకరం ముందురోజే అక్కడికి వెళ్లాడు. ఏడింటికి ఫోన్ చేశాడు.

"సువర్చలా, ఈసారి సముద్రం రంగు బాలేదే. బురద నీళ్లలా ఉంది. పక్షులు కూడా లేవు."

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా. మొన్న డాక్టరు రెండు వేసుకోమన్నాడుగా, రెండూ వేసుకున్నా" అన్నాడు. ఇంకేదో అనబోయి, అటు ఎవరో పిలిస్తే పెట్టేశాడు.

తొమ్మిదిన్నరకి టీవీలో కనపడ్డాడు. స్టూడియోలో యాంకరు అమ్మాయి కంప్యూటరు నీళ్లలో నడుం దాకా మునిగి, లిప్‌స్టిక్ చెదరకుండా కేకలు వేస్తోంది. తెర కింద ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి. 'మహా రాక్షసి వస్తోంది!' గత రెండు తుపాన్లకీ అవే అక్షరాలు, అదే ఎరుపు. మాణిక్యం దిండు ఒళ్లో పెట్టుకుని, తమలపాకు చిలకలు చుడుతూ నిశ్చింతగా ఉంది.

సువర్చల పప్పు గిన్నె చేత్తో పట్టుకునే తెర ముందు ఆగిపోయింది. మొదట ఏం తేడాగా ఉందో తెలియలేదు. తర్వాత తెలిసింది. అతను గొంతుక్కూర్చోలేదు. నిటారుగా నిలబడే ఉన్నాడు. నీళ్లు నడుం దగ్గరున్నాయి. ఒక చేత్తో ఒడ్డు దిగువనున్న కరెంటు స్తంభాన్ని కావిలించుకున్నాడు. నోటికి ప్రళయమని రావడం లేదు, జలఖడ్గమని రావడం లేదు. "వెళ్లిపోండి, బస్సులున్నాయి, దయచేసి వెళ్లిపోండి" అని, చదువురాని మనిషిలా, అదే ముక్క మళ్లీ మళ్లీ అంటున్నాడు.

"అత్తయ్యా, దిండిలా ఇవ్వండి."

చేతిలోకి తీసుకుంది. అరవై ఆరు. ఆమె వేళ్లకింద దిండు గోదారి లాంచీలా టుక్కు టుక్కుమంటోంది.

"నా కొడుకు గుండె రాయే" అంది మాణిక్యం మురిపెంగా.

సువర్చల కాసులమ్మకి ఫోన్ చేసింది. రెండోసారికి కలిసింది. వెనకాల హాలంతా సందడి, పిల్లల అరుపులు, టీవీ.

"కాసులమ్మా, బయల్దేరారా?"

"ఎక్కడికండీ?"

"బస్సులొచ్చాయిగా!"

"వొచ్చినాయండి, ఆరు బస్సులు. తాసిల్దారుగోరు దండాలెడతన్నారు పాపం. ఎవురూ ఎక్కలేదండి. కోళ్లు, మేకలు, వలలు, అన్నీ వొగ్గేసి ఎలాగెల్తాం? దిండట్టుకునే ఉన్నాం కదండీ. బాబుగోరి గుండి సల్లగా ఉన్నాది. అదిరిందంటే అప్పుడు సూద్దారి."

"అది కాదు కాసులమ్మా, ఆయన..." లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

సువర్చల పప్పు గిన్నె బల్ల మీద పెట్టింది. పెట్టేటప్పుడు చూసుకోక సగం గచ్చు మీద ఒలికింది. భీమశంకరానికి చేస్తే ఫోన్ మోగలేదు. అతని చెవిలో ఉన్న యంత్రానికి స్టూడియో గొంతు తప్ప ఇంకేదీ చేరదు. మిగిలింది సౌదామిని. సువర్చల జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది, మాత్ర సంగతితో సహా.

"ఎన్నాళ్ల నుంచి వదినా?"

"అక్టోబరు నుంచి."

"నా దిండు... ఆ ఊరికి నెల రోజులుగా అబద్ధం చెప్తోందన్నమాట."

"తర్వాత తిట్టుకో సౌదామినీ. ఇప్పుడు వేగం పెంచగలవా? ఇక్కణ్నుంచి?"

"పెంచగలను" అంది సౌదామిని. "చక్రధర్ ఓ ముప్పై అడిగాడు గుర్తుందా? ఇవాళ మంచికోసం నేను పెంచితే రేపు రేటింగు కోసం వాడు పెంచుతాడు. ఆ తర్వాత ఏ పల్లెలో ఏ డాక్టరూ దీన్ని ముట్టుకోడు. నాలుగేళ్లు చేశాను వదినా దీన్ని. అయినా పెంచమంటే పెంచుతాను. కానీ నీకు నోరుంది కదా. నిజమే చెప్పొచ్చుగా?"

"చెప్తే మీ అన్నయ్య ఉద్యోగం పోతుంది. బోర్డుల మీద బొమ్మ పెట్టుకున్న మనిషి, ఊరందరి ముందూ దొంగ అయిపోతారు. అది కూడా నా నోటితో."

సువర్చల ఫోన్ పెట్టేసి తెర వంక చూసింది. స్తంభాన్ని కావిలించుకున్న చేతి మీద గాజులా మెరుస్తున్నది అతని వాచీ. పోయిన పెళ్లిరోజుకి తను కొన్నది. నీళ్లు ఇందాకటికన్నా ఒక గుండీ పైకొచ్చాయి.

తెర మూల నంబరు మెరుస్తోంది. 'మీ కన్నీటి గాథ మాతో పంచుకోండి.' సువర్చల ఆ నంబరు నొక్కింది. చలాకీ గొంతు పలికింది.

"హోరు టీవీ మేడమ్! మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయా?"

"వచ్చాయమ్మా."

"ఎంతవరకు మేడమ్?"

"మోకాళ్ల దాకా."

"సారీ మేడమ్, మోకాళ్ల వాళ్లు లైన్లో ఇప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. నడుమైతే చెప్పండి."

"మెడ దాకా వచ్చాయి తల్లీ. మెడలోంచే మాట్లాడుతున్నా" అంది సువర్చల, పొడి గచ్చు మీద నిలబడి.

"అయ్యో! ఒక్క నిమిషం, లైవ్‌లో కలుపుతున్నా. ఏడుపొస్తే ఆపుకోకండి మేడమ్."

గచ్చు మీద పప్పు ఎండిపోతోంది. ఎదురుగా అత్తగారు తమలపాకు చిలక నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చూస్తోంది. టీవీలో యాంకరు తల తిప్పింది. "మరో అభాగ్యురాలు మనతో! చెప్పండమ్మా, మీ ఆక్రందన తెలుగు ప్రజలు వింటున్నారు!"

సువర్చల ఏడవలేదు. బజారు చీటీ చదివినట్టు చెప్పింది.

"నా పేరు సువర్చల. మీ విలేకరి భీమశంకరంగారు మా ఆయన. మూలగరువు వాళ్లు వినండి, కాసులమ్మా విను. ఆయన పొద్దున్న బీపీ మాత్రలు రెండు వేసుకున్నారు. చిన్న తెల్ల మాత్ర. అది వేసుకుంటే గుండె దడపడదు, ముంగిట్లోకి సముద్రమొచ్చినా దడపడదు. నెల రోజులుగా నేనే ఇస్తున్నా. ఆ సంగతి మేం దాచాం, తప్పు మాది. దిండు నమ్మకండి. ఇవాళ ఆయన నోటితో చెప్తున్నదే నిజం. బస్సులెక్కండి."

యాంకరు చెవిలో యంత్రాన్ని వేలితో నొక్కుకుంది. లైను కోసేస్తారని సువర్చల కళ్లు మూసుకుంది.

కొయ్యలేదు. చక్రధర్ బోర్డుల కోసం పెట్టిన శ్రమంతా ఆ క్షణాన ఒక పక్కన ఉంది. అంతకన్నా పెద్ద సంచలనం రెండో పక్కన ఉంది. పాపం, అతనికి ఒకటే అలవాటు. ఎర్రటి అక్షరాలు మారిపోయాయి. 'గుండె మోసం! భర్త గుట్టు రట్టు చేసిన భార్య!' కింద ఇంకోటి: 'తెల్ల మాత్ర వేసుకుని ప్రజల ప్రాణాలతో చెలగాటం?' ప్రతి అరనిమిషానికీ సువర్చల మాటలే మళ్లీ మళ్లీ వేశారు, డప్పుల చప్పుడు జోడించి. రాష్ట్రంలో ఇంత గట్టిగా, ఇన్నిసార్లు తుపాను హెచ్చరిక అంతకుముందెప్పుడూ రాలేదు.

తెర మీద భీమశంకరం చెవి పట్టుకుని నిలబడిపోయాడు. ఆ మాటలు అతనికీ చేరాయి. మొహం మీద వర్షం, అతను ఏమనుకుంటున్నాడో తెలియలేదు. ఒక్కసారి కెమెరా వంక, అంటే ఆమె వంక, చూశాడు. కోటు గుండీలు తెంపుకున్నాడు. మైకు నీళ్లలో వదిలేశాడు. కెమెరాకి వీపు తిప్పి ఊళ్లోకి నడిచాడు, పరుగెత్తబోయి పడుతూ, లేస్తూ.

సువర్చల చేతిలో దిండు ఆగిపోయింది.

"వాడి గుండె ఆగిపోయిందే!" మాణిక్యం కెవ్వుమని లేచింది. చిలకలు గచ్చంతా చెదిరాయి. "నా బిడ్డే! సువర్చలా, నా బిడ్డ!"

"లేదత్తయ్యా, లేదు. బనీను విప్పేశారు." సువర్చల అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె అలా అన్నది తనకి తెలిసి కాదు, వేరే ఏదీ అనలేక. దిండు చల్లబడి ఉత్త రబ్బరయిపోయింది. ఆ తర్వాత అయిదు నిమిషాలకి కరెంటు పోయింది.

మూడింటికి చెప్పింది రెండున్నరకే వచ్చింది. మూలగరువులో సముద్రం సొసైటీ హాలు ఫ్యాను రెక్కల దాకా ఎక్కి, టీవీనీ, దిండునీ, వలల్నీ, కోళ్లనీ తీసుకుపోయింది. మనుషులు అప్పటికి ఏడు మైళ్ల అవతల కాలేజీ గదుల్లో తడిసి ముద్దయి కూర్చుని ఉన్నారు. తొమ్మిది వందల పైచిలుకు. భీమశంకరం ఆఖరి బస్సు ఫుట్‌బోర్డు మీద వెళ్లాడని మర్నాటికి కబురొచ్చింది. మాణిక్యం అది విన్నాకే మంచినీళ్లు తాగింది.

ఇద్దరు మాత్రం రాలేదు. కాసులమ్మ మరిది తాతారావు, అతని జతగాడు. బుధవారం తెల్లారగట్ల, ముందురాత్రి దిండు చల్లగా ఉందని, ఏరు సముద్రంలో కలిసే మొగలో వలలు తీసుకొస్తామని వెళ్లారు. అప్పటికి సువర్చల ఇంకా పప్పు పొయ్యి మీద పెట్టలేదు.

కరెంటొచ్చిన దగ్గర్నుంచి హోరు టీవీ గుండె మోసం మీద చర్చ నడిపింది. ఆరు డబ్బాల్లో ఆరు తలకాయలు. అందులో ఒకాయన సువర్చలని వీరనారి అన్నాడు, ఇంకొకాయన పతిద్రోహి అన్నాడు, మూడో ఆయనకి రెండూ అనడానికి టైము చాలింది. భీమశంకరాన్ని తీసేసినట్టు ఆ చర్చ మధ్యలోనే తెలిసింది. సౌదామిని దిండ్ల ప్రసారాన్ని తన చేత్తోనే ఆపేసింది. జనం దిండ్లని నడుంనొప్పికి వాడుకుంటున్నారు. వారం తిరక్కుండా ఒక డాక్టరమ్మ ఆమె గది వెతుక్కుంటూ వచ్చింది. "మా దగ్గరైతే గుండెతోపాటు మందుల చీటీ కూడా ఉంటుంది కదమ్మా" అందట. సౌదామిని ఇంకా జవాబు చెప్పలేదు. ముందు మూలగరువు వెళ్లొస్తానంది. వదినతో మాట్లాడుతోంది గానీ అవసరమైనంతే.

కాసులమ్మ ఆ శుక్రవారమే కాలేజీలో కనపడింది. సువర్చల బియ్యం, దుప్పట్లు తీసుకుని వెళ్లింది. ఏ మొహంతో పలకరించాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోతే కాసులమ్మే లేచొచ్చింది.

"మా ఆయన కూడా ఆ తెల్ల మాత్తరే ఏస్తాడండి. మీరు అనగానే గబాల్న లెగిసాడు. 'నిజవే, పడవ తిరగబడినప్పుడు కూడా నా గుండి అదరలేదే' అన్నాడు. మా ఆయన లెగిత్తే ఊరంతా లెగిసింది." చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ముందే సెప్పుంటే బాగుండునమ్మగోరూ."

"అవును" అంది సువర్చల. ఇద్దరూ కలిసి దుప్పట్లు పంచారు.

భీమశంకరం ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. తాతారావు శవం దొరికేదాకా ఆ ఊరివాళ్లతో ఒడ్డంతా తిరిగి, దొరికాక మోసి, అప్పుడొచ్చాడు. గడ్డం పెరిగింది. కాళ్లు నీళ్లకి నాని తెల్లబడిపోయాయి. తల్లి కావిలించుకుని ఏడిస్తే ఏడవనిచ్చాడు. పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చున్నాడు.

సువర్చల వేడినీళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. తిడతాడని నాలుగు రోజులుగా సిద్ధపడి ఉంది. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది, వాటిలో కొన్ని బాగా వచ్చాయి.

"నీళ్లు మెడ దాకా వచ్చాయని చెప్పావటగా" అన్నాడు.

"మోకాళ్ల వాళ్లని కలపరటండీ."

అతని పెదవి ఒక మూల కదిలింది, మళ్లీ ఆగిపోయింది.

"స్తంభం పట్టుకుని అరుస్తుంటే..." అన్నాడు కాళ్లు నీళ్లలో పెడుతూ. "మెరక మీద హాల్లో వాళ్లు కిటికీలోంచి నన్ను చూసి నవ్వుతున్నారే. చెయ్యూపుతున్నారు. పిల్లలు నాలాగా గొంతుక్కూర్చుని చూపిస్తున్నారు."

సువర్చల అతని పక్కన రాయి మీద కూర్చుంది. అతను ఆమె చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఇంటికి రాగానే మాత్ర ఆమే ఇచ్చింది, ఈసారి అత్తగారి ఎదురుగానే. అరచేతి కింద అది నిదానంగా, దేనికీ సంబంధం లేనట్టు, కొట్టుకుంటోంది. ఎంతసేపు ఉంచినా అంతే.

"దీంట్లో ఏమీ తెలియడం లేదండీ" అంది మెల్లిగా. "మీరే చెప్పండి."

కాకులు అరుస్తున్నాయి. పక్కింటివాళ్లు విరిగిన కొమ్మలు లాగుతున్నారు. ఇరవై ఏళ్లుగా గొంతు చించుకుని బతికిన మనిషి, పక్కన ఉన్న మనిషికి మాత్రమే వినపడేంత చిన్నగా చెప్పాడు.

"భయమేసింది, సువర్చలా."

ఆమె నమ్మింది.